ప్రయత్నిస్తే పోయేదేముంది?

పోయిన నెలలో ఒక రాత్రి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నగారికి పెద్దపేగులో కణితి ఉందని బయాప్సీలో తేలింది. ఇంకా ఎటూ పాకలేదని, ఆపరేషన్‌తో తీసేయవచ్చని వైద్యులు చెప్పి తేదీ కూడా ఇచ్చారు. ఈలోగా తెలిసినవాళ్లెవరో ఒక సీసా తెచ్చి ఇచ్చారట. అందులో గింజల పొడి. మూడు నెలలు వాడితే కత్తి పెట్టాల్సిన అవసరమే రాదని వాళ్ల భరోసా. "నాన్న ఆపరేషన్ అంటేనే వణికిపోతున్నారు. ముందు ఇది వాడి చూస్తానంటున్నారు. ప్రయత్నిస్తే పోయేదేముంది, నువ్వే చెప్పు" అన్నాడు.

వెంటనే నాకు నోరు పెగలలేదు. ఆరేళ్ల కిందట ఇదే మాట, ఇంచుమించు ఇవే అక్షరాలతో, నేనే అన్నాను. అన్నది మా బాబాయితో. మాట్లాడుకున్నది మా పిన్ని గురించి.

పిన్ని రొమ్ములో గోలీకాయంత గడ్డ. స్నానం చేస్తుండగా చేతికి తగిలితే తనే కనిపెట్టింది. పరీక్షలన్నీ అయ్యాక క్యాన్సరే అన్నారు. అయితే చంకలోని గ్రంథులకు చేరిన ఆనవాళ్లు లేవు. ముందు ఆపరేషన్, తర్వాత అవసరాన్ని బట్టి కీమో, రేడియేషన్ అని చెప్పారు. పిన్నికి ఆపరేషన్ కంటే కీమో అంటే ఎక్కువ భయం. తన స్నేహితురాలొకావిడ కీమోతో నెలల తరబడి పడిన అవస్థను దగ్గరుండి చూసింది. సరిగ్గా అప్పుడే ఒక మనిషి నల్లటి లేపనం గురించి, దానితోపాటు మింగే గుళికల గురించి చెప్పాడు. లేపనం రాస్తే రోగాన్ని వేళ్లతో సహా బయటికి లాగేస్తుందట. మంచి కణాల జోలికి పోదట. అన్నీ మూలికలే కాబట్టి హాని అన్న ప్రశ్నే లేదట.

ఇంట్లో కాస్త చదువుకున్నవాణ్ని కాబట్టి బాబాయి నా అభిప్రాయం అడిగాడు. ఒక సాయంత్రమంతా కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాను. తమకు నయమైపోయిందని చెప్పేవాళ్ల మాటలు కుప్పలుగా దొరికాయి. "రెండు నెలలు చూద్దాం బాబాయ్. పోయేదేముంది, ఆపరేషన్ ఎక్కడికీ పోదు కదా" అన్నాను. అప్పటి నుంచీ ఆ మాట నన్ను వదల్లేదు. పోయేదేమిటో ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినంతా రాస్తున్నాను.

లేపనం రాసిన నాలుగో రోజుకు చర్మం ఎర్రబడి మండింది. వారం తిరిగేసరికి నల్లటి పక్కు కట్టింది. "చూశారా, మందు పట్టుకుంది" అని అమ్మినవాడు సంబరపడ్డాడు. మూడో వారంలో పక్కు ఊడి కింద గుంట పడింది. ఊడిన ముక్కను చూపించి "ఇదే మీ క్యాన్సర్" అన్నాడు. పిన్ని దాన్ని ఒక చిన్న గాజు సీసాలో దాచుకుంది. నాకు చూపించింది. నేను నమ్మాను.

అది క్యాన్సర్ కాదు. కాలి ఎండిపోయిన ఆమె చర్మం, దాని కింది కొవ్వు. ఇలాంటి నల్ల లేపనాల్లో సాధారణంగా కలిసేవి జింక్ క్లోరైడ్, బ్లడ్‌రూట్ అనే ఉత్తర అమెరికా మొక్క వేరు. జింక్ క్లోరైడ్ కణజాలాన్ని తినేసే రసాయనం. బ్లడ్‌రూట్‌లో ఉండే సాంగ్వినరిన్ కణాలను చంపుతుంది. చంపుతుందన్నంతవరకు నిజమే, అయితే ఏది రోగపు కణమో ఏది మంచిదో తేల్చుకునే విచక్షణ దానికి లేదు. ఏ రోగమూ లేని చేతి మీద రాసినా అదే పక్కు కడుతుంది, అదే గుంట పడుతుంది. మందు "పట్టుకుంది" అనడానికి అమ్మినవాడు చూపించిన గుర్తు యాసిడ్ పడినచోట కూడా కనిపిస్తుంది.

ఈ లేపనాల వల్ల ముక్కు కొస, చెవి అంచు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అయినా కంటికి కనిపించే ఆ గుంట కంటే దాని అడుగున జరిగేది భయంకరం. పైన మచ్చ కట్టి మానినట్టుంటుంది. కింద మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ మచ్చ చాటున, వేలికి తగలకుండా, కంటికి ఆనకుండా పెరుగుతాయి. చర్మ క్యాన్సర్‌కు ఇలాంటి లేపనం రాసుకుని, పైన మానిందని నిశ్చింతగా ఉండి, రోగం ఒళ్లంతా పాకాక వైద్యుల దగ్గరికి వచ్చినవాళ్ల ఉదంతాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. పిన్ని విషయంలో గడ్డ చర్మానికి చాలా లోపల ఉంది. లేపనం దాకా అది రానేలేదు.

అమ్మేవాళ్లు చెప్పే చరిత్ర ఒకటుంది, దాన్ని కూడా విడమరచాలి. 1930లలో ఫ్రెడరిక్ మోస్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు జింక్ క్లోరైడ్ ముద్దను చర్మ క్యాన్సర్‌కు నిజంగానే వాడాడు. అందుకని ఈ లేపనాలకు శాస్త్రం తోడుందని వాదిస్తారు. మోస్ ఆ ముద్దతో రోగాన్ని లాగేయాలని చూడలేదు. కణజాలం ఉన్నది ఉన్నట్టు గట్టిపడటానికి దాన్ని వాడి, తర్వాత పల్చటి పొరలుగా కోసి, ఒక్కో పొరను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అంచుల్లో ఒక్క క్యాన్సర్ కణమూ కనిపించనంతవరకు కోస్తూ పోయేవాడు. ఆయన పేరుతోనే సాగుతున్న నేటి శస్త్రచికిత్సలో ఆ ముద్దను మానేశారు. సూక్ష్మదర్శినిని మాత్రం మానలేదు. నల్ల లేపనం అమ్మేవాళ్లు ఉంచుకున్నది ముద్దను, వదిలేసింది సూక్ష్మదర్శినిని.

మళ్లీ ఆ ఫోన్ దగ్గరికి వస్తాను. సీసా మీద ఏం రాసుందో చదవమని స్నేహితుణ్ని అడిగాను. ఆప్రికాట్ గింజల పొడి, "విటమిన్ బి17" అని చదివాడు.

బి17 అనే విటమిన్ లేదు. ఒంటికి అందకపోతే జబ్బు చేసే పదార్థాన్ని విటమిన్ అంటాం. ఇది అందకపోవడం వల్ల ఏ మనిషికీ ఏ జబ్బూ రాలేదు. ఆప్రికాట్ గింజల్లో, చేదు బాదం గింజల్లో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. దానికి దగ్గరి రసాయనాన్ని 1950లలో అమెరికాలో ఎర్నెస్ట్ క్రెబ్స్ అనే ఒకే పేరున్న తండ్రీకొడుకులు లేట్రిల్ అనే పేరుతో క్యాన్సర్ మందుగా ప్రచారంలోకి తెచ్చారు. మందు అంటే పనిచేస్తుందని నిరూపించాలి, ప్రమాదం లేదని చూపించాలి. విటమిన్ అంటే ఆ బాదరబందీ ఉండదు. ఆ పేరు అలా పుట్టింది.

అమిగ్డలిన్ విడిపోతే వెలువడేది సయనైడ్. ప్రచారం చేసేవాళ్లు దీన్ని దాచరు కూడా. ఆ సయనైడ్ క్యాన్సర్ కణంలో మాత్రమే పుడుతుందని, మంచి కణాలకు దాన్ని విరిచేసే శక్తి ఉందని చెబుతారు. వినడానికి ఎంత చక్కగా ఉంటుందో! కానీ అమిగ్డలిన్‌ను విడగొట్టే ఎంజైమ్ క్యాన్సర్ కణాల్లో ప్రత్యేకంగా పోగుపడి లేదు. అది సమృద్ధిగా ఉన్నది మన పేగుల్లోని బాక్టీరియాలోనూ, ఆ గింజల్లోనూ. అందుకే సూది ద్వారా రక్తంలోకి ఎక్కించినదాని కంటే నోటితో మింగినది చాలా ఎక్కువ విషపూరితం. ఇంట్లో కూర్చుని చెంచాతో కొలుచుకుని మింగే పొడి ఆ రెండో రకం. సయనైడ్ కణంలోకి చేరాక ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాంగాన్ని ఆపేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా కణం ఊపిరాడక చచ్చిపోతుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతులు. తర్వాత తడబాటు, స్పృహ తప్పడం. రోగి ఇంట్లోవాళ్లు వీటిని జబ్బు ముదిరిన లక్షణాలనుకుంటారు. మందు ఆపే బదులు మోతాదు పెంచుతారు. దీనితోపాటు విటమిన్ సి పెద్ద మోతాదుల్లో తీసుకోమని చెప్పడం కూడా రివాజు. ఆ విటమిన్ సి సయనైడ్ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది.

2016లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్కకట్టి చెప్పింది: పెద్దవాళ్లు ఒకసారికి మూడు కంటే ఎక్కువ చిన్న పచ్చి ఆప్రికాట్ గింజలు తింటే చాలు, భద్రమైన హద్దు దాటవచ్చు. పసిపిల్లలకైతే ఒక్క చిన్న గింజే చాలు. స్నేహితుడి సీసా మీద రాసిన మోతాదు రోజుకు మూడు చెంచాలు.

ఎవరూ పరీక్షించకుండానే దీన్ని తొక్కేశారన్న ఆరోపణ మీరు వినే ఉంటారు. పరీక్షించారు. అమెరికాలోని మాయో క్లినిక్‌కు చెందిన చార్ల్స్ మోర్టెల్, మరికొన్ని క్యాన్సర్ కేంద్రాల వైద్యులు కలిసి 178 మంది రోగులకు ఈ మందును, దానితోపాటు దాన్ని సమర్థించేవాళ్లు చెప్పిన ఆహార నియమాలను, విటమిన్లను ఇచ్చి ఫలితాలను 1982లో ప్రచురించారు. నయం కావడంలో గాని, రోగం నిలకడగా ఉండటంలో గాని, బాధలు తగ్గడంలో గాని, ఆయుష్షు పెరగడంలో గాని చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. కొందరిలో సయనైడ్ విషలక్షణాలు కనిపించాయి, కొందరి రక్తంలో సయనైడ్ ప్రాణాంతకమైన స్థాయి దగ్గరికి చేరింది. అది వైద్యుల కళ్లముందు, కొలిచి ఇచ్చిన మందుతో. ఈ ఫలితాలు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆ పొడి ఇంకా సీసాల్లో తిరుగుతూనే ఉంది.

ఇలాంటివి ఇంకెన్నో ఉన్నాయి. క్యాన్సర్ ఆమ్లంలో పెరుగుతుంది కాబట్టి శరీరాన్ని క్షారంగా మార్చాలని సీజియం క్లోరైడ్ తాగిస్తారు. రక్తపు పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షారాల పాళ్లను, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అతి ఇరుకైన హద్దుల్లో కాపాడుతూ ఉంటాయి, అది మనం తాగేదాన్ని బట్టి మారదు. మారేది గుండె లయ. సీజియం పొటాషియాన్ని పడగొట్టి, గుండె విద్యుత్ ప్రవాహాన్ని చెదరగొట్టి, ఉన్నట్టుండి కుప్పకూలేలా చేస్తుంది. మరణాలు నమోదయ్యాయి. "అద్భుత ఖనిజ ద్రావణం" అన్న పేరుతో అమ్మేది సోడియం క్లోరైట్. నిమ్మ ఉప్పుతో కలపగానే అది క్లోరిన్ డయాక్సైడ్ అవుతుంది, అంటే కాగితాన్ని తెల్లబరచడానికి పరిశ్రమల్లో వాడే బ్లీచ్. తాగినవాళ్లకు ఆగని వాంతులు, విరేచనాలు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవడం, కాలేయం దెబ్బతినడం జరిగాయని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఒకసారి, 2019లో మరోసారి హెచ్చరించింది. మలద్వారం గుండా కాఫీ ఎక్కించే ఎనిమాలతో శరీరంలోని విషాన్ని కడిగేస్తామంటారు. వాటిని అదే పనిగా చేయించుకుని లవణాల సమతుల్యం దెబ్బతిని చనిపోయినవాళ్ల గురించి 1980లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ఈమధ్య జంతువులకు నులిపురుగుల కోసం వాడే ఫెన్‌బెండజోల్ వంతు వచ్చింది. సామాజిక మాధ్యమాల్లో చూసి దాన్ని మింగి కాలేయం పాడు చేసుకున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి గురించి జపాన్ వైద్యులు 2021లో రాశారు.

వీటన్నిటికీ ఒకే రకం సాక్ష్యం చూపిస్తారు: ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపిందని. గాజు పళ్లెంలోని కణాలను చంపడం కష్టం కాదు. ఉప్పు ఎక్కువ వేసినా చస్తాయి, సబ్బు నీళ్లు పోసినా చస్తాయి. మనిషిని బతికించి కణాన్ని చంపడం దగ్గరే చిక్కంతా. ఆ చిక్కు ఎంత పెద్దదో 2016లో జర్మనీలో తెలిసింది. 3-బ్రోమోపైరువేట్ అనే రసాయనం క్యాన్సర్ కణాలు చక్కెరను వాడుకునే దారిని అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. నిజమైన శాస్త్రవేత్తలే ఆసక్తితో పరిశోధిస్తున్న పదార్థం అది. డచ్ సరిహద్దు దగ్గరున్న ఒక ప్రత్యామ్నాయ చికిత్సాలయం మనుషుల మీద పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగలేదు. దాన్ని రోగులకు నేరుగా ఎక్కించింది. కొద్ది రోజుల్లోనే ముగ్గురు చనిపోయారు. మోతాదు మితిమీరింది. అంత సున్నితమైన పదార్థాన్ని తూచడానికి అక్కడున్న తక్కెడ సరిపోయేది కాదని కోర్టులో బయటపడింది. నడిపినవ్యక్తికి 2019లో శిక్ష పడింది. ఆ ముగ్గురి దగ్గరికీ ఎవరో ఒకరు వచ్చి "పోయేదేముంది" అనే ఉంటారు.

ఇప్పుడు "సహజం" అన్న మాట. పిన్ని పదేపదే ఈ మాటే అనేది: మూలికలే కదా, కీమోలాగా విషం కాదు కదా. కీమో మందుల్లో ఎన్ని మొక్కల నుంచి వచ్చాయో అప్పటికి నాకూ తెలియదు. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ బిళ్ళగన్నేరు నుంచి వచ్చాయి. పాక్లిటాక్సెల్ పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడు నుంచి వచ్చింది. ఎటోపొసైడ్‌కు మూలం మే ఆపిల్ మొక్క. మొక్కల్లోని మందును ఆధునిక వైద్యం పట్టించుకోదన్న నింద ఎంత అన్యాయమో ఈ పేర్లే చెబుతాయి. విన్‌క్రిస్టిన్‌ను నరంలోకి ఎక్కిస్తే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలు బతుకుతున్నారు. పొరపాటున అదే మందు వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి వెళితే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. అందుకే దాన్ని ఎక్కించే పద్ధతి మీద ఆసుపత్రుల్లో అంత కట్టుదిట్టం. అదే మొక్క, అదే మందు. ఎంత, ఎక్కడ, ఎవరికి, ఎప్పుడు అన్నది తెలిస్తేనే అది ప్రాణం పోస్తుంది.

విషాల్లోకెల్లా పేరుమోసిన ఆర్సెనిక్ సంగతీ అంతే. ఒక రకం తీవ్ర రక్త క్యాన్సర్‌కు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను 2000లో అమెరికాలో అనుమతించారు. విటమిన్ ఎ నుంచి తయారైన మరో మందుతో కలిపి ఇస్తే ఇప్పుడు ఆ జబ్బు చాలామందిలో పూర్తిగా నయమవుతోంది. ఇస్తున్నంతకాలం ఈసీజీ తీస్తారు, పొటాషియం చూస్తారు, గుండె లయలో తేడా వస్తే ఆపుతారు. సీజియం సీసా అమ్మేవాడు గుండెకు అదే ప్రమాదాన్ని తెచ్చిపెట్టి, ఈసీజీ మాట ఎత్తకుండా ఇంటికి పంపిస్తాడు.

అవును, కీమో విషమే. దాన్ని కాదనేవాళ్లు రోగికి అబద్ధం చెబుతున్నట్టు. కాని ఆ విషం గుణం ఏమిటో, ఏ అవయవాన్ని ఎంత దెబ్బతీస్తుందో వేలమంది మీద కొలిచి రాసిపెట్టారు. రోగి ఎత్తు, బరువు చూసి మోతాదు కడతారు. ప్రతి విడతకు ముందు రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు పరీక్షిస్తారు. తట్టుకోలేకపోతే తగ్గిస్తారు, వాయిదా వేస్తారు. 1990లలో వాడకంలోకి వచ్చిన కొత్త వాంతి నివారణ మందులతో కీమో అనుభవమే మారిపోయింది. పిన్ని మనసులో ఉన్న స్నేహితురాలి అవస్థ అంతకు ముందుకాలపుది. ఈ సంగతి ఆమెకు ఎవరైనా తీరిగ్గా కూర్చుని చెప్పి ఉండాల్సింది. 1960ల తొలినాళ్లలో లింఫోబ్లాస్టిక్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో పదిమందిలో ఒకరు బతకడమే గగనం. ఇప్పుడు సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. అంత దూరం వచ్చింది ఈ "విషాల"తోనే.

మూలికల సీసాలో మూలికలే ఉన్నాయని నమ్మకం ఏమిటి? ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఎనిమిది మూలికల మిశ్రమమని పీసీ-స్పెస్ అనే గుళికలు 1990లలో అమెరికాలో విరివిగా అమ్ముడుపోయాయి. కొందరికి నిజంగానే గుణం కనిపించడంతో వైద్యులు కూడా ఆసక్తి చూపారు. తీరా పరీక్షిస్తే అందులో కృత్రిమ ఈస్ట్రోజెన్, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, నొప్పి మందు బయటపడ్డాయి. 2002లో వెనక్కి తీసుకున్నారు. 1990లలోనే బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల్లో అరిస్టొలోకియా అనే మొక్క కలిసిపోయింది. వందమందికి పైగా మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి, తర్వాత వారిలో పలువురికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. ఆ మొక్కలోని ఆమ్లం క్యాన్సర్ కారకమని ఇప్పుడు నిర్ధారణగా తెలుసు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను ఇంతకంటే ఘోరంగా నిజం చేసిన ఉదాహరణ నాకు తెలియదు.

అసలు మందుతోపాటు ఇదీ వాడుకుంటే నష్టమేమిటి అని అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క మందును ఇరినోటెకాన్ అనే కీమోతో కలిపి తీసుకుంటే, రక్తంలో ఆ కీమో చురుకైన రూపం సుమారు 42 శాతం పడిపోయిందని 2002లో తేలింది. అంటే రోగికి ఇచ్చిన కీమోలో చాలా భాగం పనికి రాకుండానే పోతుంది.

మా ఇంట్లో జరిగింది ఇలాంటిదే. అయిదు నెలల తర్వాత జ్వరంతో, చీము పట్టిన పుండుతో పిన్నిని ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి క్యాన్సర్ చంకలోని గ్రంథులకు పాకింది. కీమో మొదలుపెట్టారు. రెండో విడతకే కాలేయం పరీక్షలు బాగా చెడిపోయి ఆపేయాల్సి వచ్చింది. కారణం అంతుపట్టక వైద్యురాలు ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగితే పిన్ని లేదంది. ఆ గుళికలు దిండు కింద ఉన్నాయి. కీమో తెచ్చే బలహీనతను అవి తగ్గిస్తాయని నమ్మి రోజూ మింగుతూనే ఉంది. మూడు వారాలు అలా పోయాయి. చెబితే తిడతారని భయపడిందట. అబద్ధమాడిందని నాకు కోపం రాలేదు. చెప్పగలిగే ధైర్యం ఆమెకు ఎందుకు లేకపోయిందన్నదే బాధ.

కాలం పోతే ఎంత పోతుందో లెక్కగట్టినవాళ్లు ఉన్నారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లు ఇంకా దూరం పాకని దశలో ఉండగా ప్రామాణిక చికిత్స వద్దని ప్రత్యామ్నాయాన్నే ఎంచుకున్న 281 మందిని, అలాంటి వయసు, అలాంటి దశలోనే ఉండి చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చి 2018లో ప్రచురించారు. మొత్తం మీద మరణించే ముప్పు రెండున్నర రెట్లు. పెద్దపేగు క్యాన్సర్‌లో నాలుగున్నర రెట్లు దాటింది. రొమ్ము క్యాన్సర్‌లో అయిదున్నర రెట్ల పైమాటే. చీటీలు వేసి రోగులను విడదీసిన ప్రయోగం కాదు కాబట్టి ఈ అంకెలను అక్షరసత్యాలుగా తీసుకోనక్కర్లేదు. కానీ ఆ ఎంపిక చేసుకున్నవాళ్లలో సగటున చదువు, ఆదాయం ఎక్కువ. వాళ్లు ఎక్కువగా బతికి ఉండాల్సింది. అదే బృందం అదే ఏడాది చేసిన మరో అధ్యయనంలో ప్రామాణిక చికిత్సతోపాటు ప్రత్యామ్నాయాలను వాడినవాళ్లకు కూడా ముప్పు రెట్టింపు కనిపించింది. వాళ్లలో మూడోవంతు మంది కీమోను, సగానికి పైగా రేడియేషన్‌ను నిరాకరించడమే దానికి ముఖ్య కారణం.

మరి నయమైనవాళ్ల మాటలు? ఆ సాయంత్రం నేను చదివిన కుప్ప? ఆ తర్వాత మళ్లీ వాటిని ఒక్కొక్కటిగా చదివాను. చాలావాటిలో ఒక వాక్యం మధ్యలో నక్కి ఉంది: "ఆపరేషన్ అయ్యాక కీమో వద్దన్నాను." కణితిని శస్త్రవైద్యుడు తీసేశాడు. తర్వాత ఇచ్చే కీమో మళ్లీ రాకుండా కాపలా. ఆ కాపలా లేకుండానే చాలామంది బతుకుతారు, ఉంటే ఇంకొంతమంది బతుకుతారు. కీమో వద్దని ఏదో రసం తాగినవాడు బతికితే ఖ్యాతి రసానికి వెళుతుంది, కత్తి పట్టినవాణ్ని ఎవరూ తలచుకోరు. ఇంకొన్నిటిలో బయాప్సీయే జరగలేదు. కొన్ని నిదానంగా నడిచే ప్రోస్టేట్ క్యాన్సర్లు, ఏమీ చేయకపోయినా పదేళ్లు గడిచేవి. కొందరు రాసిన ఏడాదికే చనిపోయారు, వాళ్ల పాత మాటలు మాత్రం అలాగే చెలామణిలో ఉన్నాయి. చచ్చిపోయినవాళ్లు మళ్లీ వచ్చి సవరణ రాయలేరు. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే యువతి తన మెదడు క్యాన్సర్‌ను తిండితో జయించానని చెప్పి లక్షలమందిని ఆకట్టుకుంది. ఆమెకు అసలు క్యాన్సరే లేదు. 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆమె మాట విని చికిత్స మానుకున్న రోగులకు జరిగిన నష్టానికి ఆ అంకెలో లెక్క లేదు.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే కష్టమైనది. వైద్యులు ఇక చేయగలిగింది లేదన్నాక? అప్పుడైనా పోయేదేముంది అనవచ్చు కదా? ఈ ప్రశ్న అక్షరాలా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మరణం ఖాయమైనవాళ్లకు లేట్రిల్ వాడుకునే వీలు ఇవ్వాలని, వాళ్ల విషయంలో మందు భద్రత అన్న మాటకు అర్థమే లేదని వాదించారు. 1979లో కోర్టు ఏకగ్రీవంగా కాదంది. తీర్పు రాసిన జస్టిస్ తర్‌గుడ్ మార్షల్ వివరణ సారాంశం ఇది: ప్రాణం తీసే లేదా ఒంటికి హాని చేసే అవకాశాన్ని తూచగలిగినంత మేలు ఆ మందులో లేకపోతే, మరణశయ్య మీదున్న మనిషికి కూడా అది ప్రమాదకరమే. పిన్ని చివరి నెలలు చూశాక ఈ మాట నాకు పూర్తిగా అర్థమైంది. మిగిలిన రోజులు కొద్దివే అయినప్పుడు ఒక్కో రోజు విలువ పెరుగుతుంది. ఆ రోజులను వాంతులతో, విరేచనాలతో, మానని పుండుతో నింపే హక్కు ఎవరికుంది?

పైగా ఇక చేయగలిగింది లేదన్నది అబద్ధం. 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో, పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే పాలియేటివ్ వైద్యం, అంటే నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే వైద్యం జోడించారు. వాళ్లకు జీవితం మెరుగ్గా గడిచింది. చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సలు తక్కువ తీసుకున్నారు. అయినా ఎక్కువకాలం బతికారు: మధ్యస్థంగా 11.6 నెలలు, మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్లు 8.9 నెలలు. పిన్నికి కూడా చివర్లో అలాంటి వైద్యం దొరికింది. మార్ఫిన్ మొదలుపెట్టిన రెండో రోజు చాలా నెలల తర్వాత హాయిగా నిద్రపోయింది. లేచి కబుర్లు చెప్పింది. నల్ల లేపనానికి పోసిన డబ్బు, నమ్మకం, కాలం ఇటు మళ్లించి ఉంటే అలాంటి ఉదయాలు ఇంకా ఎన్ని ఉండేవో.

మొదట్లోనే ఆపరేషన్ చేసి ఉంటే ఆమె బతికేదా అని నన్ను అడగవద్దు. ఒక్క మనిషి విషయంలో ఎవరూ చెప్పలేరు. అవకాశం మాత్రం చాలా ఎక్కువగా ఉండేది. దాన్ని "పోయేదేముంది" అన్న మాటతో చేతులారా వదిలేశాం.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. అమ్మినవాడు మా ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాడు. పిన్ని చెయ్యి పట్టుకుని ఆమె భయమంతా విన్నాడు, ఆమె వినాలనుకున్నదే చెప్పాడు. రోగం బయటపడిన రోజున వైద్యుడు అయిదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. వైద్యులు ఈ మాట వినాలి. మనిషి చేతికి పట్టు దొరకనప్పుడు ఎవరు చెయ్యి చాస్తే వాళ్లను పట్టుకుంటాడు. భయపడినవాళ్లను మూర్ఖులనడం నాకు చేతకాదు. భయం మీద వ్యాపారం చేసేవాణ్ని మాత్రం క్షమించలేను.

స్నేహితుడితో ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాను. మరుసటి ఆదివారం వెళ్లి వాళ్ల నాన్నగారి పక్కన కూర్చున్నాను. గింజల గురించి ముందు ఎత్తలేదు. ఆపరేషన్‌లో ఏమంటే భయమో అడిగాను. మత్తు ఇచ్చాక మెలకువ రాదేమోనని ఆయన భయం. వాళ్ల అన్నగారు చిన్నప్పుడు అలా పోయారట. ఈ సంగతి కొడుక్కి కూడా అంతవరకు తెలియదు. మత్తు వైద్యురాలితో విడిగా మాట్లాడే ఏర్పాటు చేయించాం. ఆమె ముప్పావుగంట ఓపిగ్గా చెప్పింది. పొడి అప్పటికే తొమ్మిది రోజులు వాడారని తెలిసి నా గుండె జారింది. ఆపేయమన్నాను. సీసాను పారేయవద్దన్నాను. లోపల ఏం పోయిందో వైద్యులకు తెలియాలి కాబట్టి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దాన్నీ తీసుకెళ్లమన్నాను. "చూపిస్తే తిడతారేమో నాయనా" అన్నారాయన. తిడితే నన్ను తిట్టమనండి, నేను వస్తాను అన్నాను.

నిన్న స్నేహితుడు ఒక ఫోటో పంపాడు. ఆసుపత్రికి సర్దిన సంచి. స్కాన్ కాగితాలు, కళ్లద్దాల పెట్టె, రెండు తువ్వాళ్లు, వాటి మధ్యన మూత బిగించిన ఆ సీసా.